పారల పుట్టుపూర్వోత్తరాలు: తవ్వేకొద్దీ విశేషాలే!

మీకు తెలుసా? తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది ఉప్పెనతో కాదు, ఉత్తర్వుతో! ఉమ్మడి చిత్తూరు జిల్లాకు కొండలుండేవి, మామిడి తోటలుండేవి, చెరువులుండేవి. సముద్రం మాత్రం లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు వైపు నుంచి గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు వచ్చి కలిశాయి. వాటి వెంట బంగాళాఖాతమూ వచ్చేసింది. గంగను తేవడానికి భగీరథుడు పడ్డ పాట్లు తలుచుకుంటే మన పని ఎంత సులువుగా అయిపోయిందో!

సముద్రంతోపాటు పులికాట్ సరస్సులోనూ మనకు వాటా దక్కింది. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఇలాంటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. ఆస్తి పంపకాల్లో బావి వాటాకు వచ్చిందంటే విన్నాం కానీ, సరస్సు రావడమేమిటండీ!

శ్రీహరికోట రాకెట్లు చేపలు కూడా పట్టిస్తాయని మీకు తెలుసా? 2009 సెప్టెంబరు 23న అక్కడి నుంచి ఎగిరిన ఓషన్‌శాట్-2 పని పైనుంచి సముద్రం రంగు చూడటం. నీటి రంగును బట్టి చేపల మేత ఎక్కడుందో తెలుస్తుంది. మేత ఉన్నచోట చేప ఉంటుంది. ఆ కబురును హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ జాలర్లకు అందిస్తుంది. చేపల పులుసుకు అంతరిక్షం నుంచి సాయం!

సరే, సముద్రం వచ్చింది కాబట్టి సముద్రపు చేపలూ ఇప్పుడు మన జిల్లా వాస్తవ్యులే. అందరి జాతకాలూ విప్పలేం కానీ ఒక్క ఇంటివాళ్లను పట్టుకుందాం. వాళ్లు పారలు. తవ్వే పార కాదండోయ్, రాగిసంగటి పక్కన పులుసులో తేలే పార! శాస్త్రవేత్తలు పెట్టిన కుటుంబం పేరు కరాంజిడే. ప్రపంచంలో ఈ ఇంట్లో సుమారు 150 జాతులున్నాయి. రేషన్ కార్డు ఇవ్వాల్సి వస్తే పుస్తకం అచ్చేయాలి!

పారను పోల్చుకోవడం ఎలాగో తెలుసా? చాలా పారలకు తోక మొదట్లో, పక్కగీత వెంట గట్టి ముళ్ల పలకలు వరసగా ఉంటాయి. పొట్ట వెనుక రెక్కకు ముందు, దాంతో కలవకుండా విడిగా రెండు ముళ్లు నిలబడి ఉంటాయి. చేప శుభ్రం చేసేవాళ్ల వేళ్లకు ఈ గుర్తులు బాగా తెలుసు. రక్తం చూపించి మరీ పరిచయం చేసుకుంటుంది!

ఇప్పుడు అసలు బాంబు. నల్ల చందువ చందువే కాదు, మీకు తెలుసా? అది పార! తెల్ల చందువది వేరే కుటుంబం. దాని చుట్టరికం వంజరాల వైపు, ట్యూనాల వైపు. నల్ల చందువ మాత్రం పక్కా కరాంజిడే. రెండూ గుండ్రంగా, పలచగా ఉన్నాయని మనం ఒకే ఇంట్లో కలిపేశాం. తరాల తరబడి అంగట్లో పక్కపక్కనే పడుకున్నాయి, ఒక్కరూ ఆధార్ అడగలేదు!

పోనీ, పండితులైనా వెంటనే పోల్చారా? లేదు. 1795లో బ్లాక్ అనే జర్మన్ వైద్యుడు దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఏ ఇంట్లో చేర్చాలో తెలియక, దానికే ప్రత్యేకంగా ఓ కుటుంబం కట్టి ఒంటరిగా కూర్చోబెట్టారు. చివరికి ఎముకలు లెక్కపెట్టి పారలింటికి పంపారు. కాపురానికి ఇంత ఆలస్యమైన కోడలు ఇంకెవరూ ఉండరు.

నల్ల చందువ పిల్లగా ఉన్నప్పుడు పొట్ట కింద చిన్న రెక్కలుంటాయి, పెద్దయ్యాక ఉండవు. తెలుసా మీకు? జానెడు కూడా పెరగకముందే ఆ రెక్కలు మాయం. పైగా ఇది అప్పుడప్పుడు నీటి పైభాగాన ఒక పక్కకు ఒరిగి, పడుకున్నట్టే ఈదుతుంది. బద్ధకానికీ ఒక భంగిమ ఉంది మరి!

ఇక మన తెలుగువాళ్లు కాలరెగరేసే విశేషం. ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో పారలు తెలుగు మాట్లాడతాయి, మీకు తెలుసా? ఆ కథకు నాయకుడు ప్యాట్రిక్ రస్సెల్. ఎడింబరోలో పుట్టిన వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగుల మధ్య పనిచేసి బతికి బయటపడ్డాడు. 1780లలో తమ్ముడి వెంట విశాఖపట్నం చేరాడు. ప్లేగు నుంచి పులుసుకు ప్రమోషన్!

1785లో ఈస్టిండియా కంపెనీ రస్సెల్‌ను కర్ణాటక ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. ఆయన విశాఖ తీరంలో చేపలు పోగుచేసి, బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం తెచ్చాడు. అందులో 200 చేపలు. చాలావాటికి లాటిన్ పేరు పెట్టే శ్రమ తీసుకోలేదు. ఒడ్డున జాలర్లు ఏమంటే అదే రాసుకున్నాడు. పండితుడు చెవి ఒగ్గి వినడం కూడా రికార్డే!

తర్వాత ఏమైందో తెలుసా? పారిస్‌లో కువియే అనే మహా పండితుడు ఆ బొమ్మలు చూశాడు. ఆయన జన్మలో భారతదేశం రాలేదు. బొమ్మ చూసే 1816లో మన కనగుర్త చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఏమని? కనగుర్త అనే! ఈ రోజుకీ దాని పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్త. జపాన్ శాస్త్రవేత్తయినా, బ్రెజిల్ శాస్త్రవేత్తయినా నోరారా తెలుగు పలకాల్సిందే.

కనగుర్త వంజరం వర్గంలోది, పార కాదు. పారల సంగతి కావాలా? రస్సెల్ పుస్తకంలో ‘తోలుపార’ ఉంది. కువియే దాన్ని పట్టుకుని స్కాంబెరాయిడెస్ తోల్ అన్నాడు. మన తోలు నేరుగా లాటిన్‌లోకి ఎక్కేసింది. ఇంతకంటే గట్టి తోలు చెప్పుల అంగట్లో కూడా దొరకదు!

రస్సెల్ రాసుకున్న ‘తాలంపార’ కథ ఇంకా వింత. 1852లో ఇండోనేషియాలో ఉన్న డచ్చి వైద్యుడు బ్లీకర్‌కు అచ్చం దాని పోలికలతో ఓ చేప దొరికింది. ‘తాలంపార లాంటిది’ అనే అర్థంలో దానికి తాలంపారాయిడెస్ అని పేరు పెట్టాడు. ఇంగ్లిషువాళ్లు దీన్ని మోసగాడు పార అని పిలుస్తారు. తెలుగు చేపకు డూప్ పెట్టి మరీ పేరు తెచ్చారు!

మీకు తెలుసా? లాటిన్ పేర్లలో తెలుగువాళ్ల అలవాటే నడుస్తుంది: ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. తెల్లదొరలు తమ పేర్లు తిరగేసి రాసుకున్నా చేపలకు మాత్రం మన పద్ధతే పాటించారు. ఈ విషయంలో మన మాస్టర్లు హాజరు పట్టీ పిలిచినట్టే ఉంటుంది వ్యవహారం.

రస్సెల్‌కు బహుమానం దక్కిందా? రెండు దక్కాయి. 1830లో ర్యుపెల్ అనే జర్మన్ యాత్రికుడు ఎర్ర సముద్రంలో దొరికిన ఒక చిన్న పారజాతి చేపకు రస్సెలీ అని పేరు పెట్టాడు. అదే చేప మన తీరంలో గంపల కొద్దీ పడుతుంది. రెండో బహుమానం రక్తపింజర! దానికీ ఆయన పేరే. ఒక పేరు పెనం మీద వేగుతుంది, ఇంకో పేరు పొదలో బుసకొడుతుంది. పేరు వినగానే పరిగెత్తాలో, పళ్లెం తేవాలో ముందే అడిగి తెలుసుకోండి.

సావళ్లు, పొలస (అదే, పులస) కూడా రస్సెల్ పుణ్యాన లాటిన్ పుస్తకాల్లో చోటు సంపాదించాయి. సావళ్లది ఇప్పటికీ లెప్టురకాంథస్ సావాల అన్న పేరే. పొలసకు కువియే పెట్టిన పలాసా అనే పేరు తర్వాత చెల్లలేదు. బెంగాలీలు ఇలిషాను నెగ్గించుకున్నారు. పులస ధరలో మాత్రం గోదావరోళ్లే నెగ్గారు!

అసలు కరాంజిడే అనే కుటుంబం పేరు ఎవరు పెట్టారో తెలుసా? కాన్‌స్టాంటినోపుల్‌లో పుట్టిన రఫినెస్క్. సంవత్సరం 1815. కంటికి కనిపించిన ప్రతిదానికీ పేరు పెట్టడం ఆయన జబ్బు. మొక్కలకే 6,700 దాకా పేర్లు పెట్టాడు. అదే 1815లో అమెరికా వెళ్తుంటే ఓడ మునిగి, 50 పెట్టెల సేకరణ సముద్రం పాలైంది. చేపలకు పేర్లు పెట్టినవాడి మీద చేపలు పగబట్టాయేమో!

ఆగండి, ఈయన కథ ఇంకా ఉంది. 1818లో రఫినెస్క్ అమెరికాలో పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ ఇంట్లో దిగాడు. అర్ధరాత్రి గదిలోకి గబ్బిలాలు వచ్చాయి. కొత్త జాతి గబ్బిలమేమోనని, ఒంటిమీద బట్ట కూడా చూసుకోకుండా వాటి వెంటపడ్డాడు. కొట్టడానికి చేతికి ఏం దొరికిందో తెలుసా? ఇంటాయన ప్రాణప్రదంగా చూసుకునే వయొలిన్! అది తుక్కుతుక్కు.

ఆడుబాన్ ఊరుకుంటాడా? లోకంలో లేని పది చేపల్ని కల్పించి, బొమ్మలు గీసి, ‘మా ఒహాయో నదిలో ఉన్నాయి’ అని చేతిలో పెట్టాడు. వాటిలో ఒకదాని పొలుసులు తుపాకీ గుండుకు కూడా చెక్కుచెదరవట! రఫినెస్క్ అమాయకంగా వాటన్నిటికీ లాటిన్ పేర్లు పెట్టి 1820లో అచ్చేశాడు. వయొలిన్ ఖరీదు పది చేపలు!

పారల్లో పహిల్వాన్ ఎవరో తెలుసా? జెయింట్ ట్రెవల్లీ అనే పెద్దపార. అయిదున్నర అడుగులు, 80 కిలోల దాకా పెరుగుతుంది. గేలానికి పడ్డవాటిలో ప్రపంచ రికార్డు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లో. గేలం వేసినవాడు చేపను పట్టాడో, చేపే అతన్ని పట్టిందో!

ఈ పెద్దపార ఎగిరే పక్షిని గాల్లోనే మింగుతుంది, తెలుసా? సీషెల్స్ దీవుల్లో సముద్రపు పక్షి పిల్లలు నీటికి దగ్గరగా ఎగురుతుంటే, వాటి వేగం అంచనా వేసి, నీళ్లలోంచి దూకి నోట కరుచుకునే దృశ్యాన్ని 2017లో బీబీసీవాళ్లు ‘బ్లూ ప్లానెట్ 2’లో చూపించారు. కొంగ చేపను తినడం పాత వార్త. చేప పక్షిని తినడం బ్రేకింగ్ న్యూస్!

ఇంత వీరుడికి లాటిన్‌లో పెట్టిన పేరు ఇగ్నోబిలిస్. అంటే గొప్పింటివాడు కాడని! ఆ పేరు పెట్టిన ఫోర్స్‌కాల్ డెన్మార్క్ రాజు పంపిన అరేబియా యాత్రలో వెళ్లి, 1763లో యెమెన్‌లో మలేరియాతో కన్నుమూశాడు. ఆయన రాసుకున్నది 1775లో అచ్చయింది. ఆ యాత్ర బృందంలో ప్రాణాలతో ఇల్లు చేరింది ఒక్కడే. చేపకు పేరు పెట్టడం అంటే అంత తేలిక కాదు సుమా!

బంగారు పారకు పెద్దయ్యాక పళ్లుండవు, తెలుసా? పిల్లగా ఉన్నప్పుడేమో ఏకంగా సొరచేపల పక్కన తిరుగుతుంది. పళ్లున్నవాళ్లతో స్నేహం, తనకు మాత్రం బోసినోరు.

జపాన్‌లో ఒక పారకు ప్రమోషన్లు వస్తాయి, తెలుసా? టోక్యో వైపు అది చిన్నప్పుడు వకాషి, కాస్త పెరిగితే ఇనాడా, ఆ తర్వాత వరసా, పూర్తిగా ఎదిగితే బురి. ఒకే చేప, నాలుగు పేర్లు. ఇలాంటివాటిని అక్కడ పదోన్నతి చేపలనే అంటారు. ఆఖరి ప్రమోషన్ వచ్చిన రోజే పళ్లెంలోకి పదవీ విరమణ!

చాలా పార పిల్లలు జెల్లీచేప గొడుగు కింద పెరుగుతాయి. కుట్టే తీగల మధ్య తలదాచుకుంటే శత్రువు దగ్గరికి రాడు. ఇంటికి కంచె, కాపలా అన్నీ కలిపి అద్దె సున్నా!

ఈత శాస్త్రంలో కూడా ఈ ఇంటిపేరే మోగుతుంది. ముందు శరీరం పెద్దగా కదలకుండా వెనక సగం, తోక ఊపుతూ దూసుకుపోయే ఈతకు 1926 నుంచీ ‘కరాంజిఫార్మ్’ అని పేరు. మనం చెరువులో కొట్టే ఈతకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు, పెట్టకపోవడమే మంచిది.

ఇప్పుడు చుట్టాల సంగతికి వద్దాం. ఇక్కడే కళ్లు తిరిగేది. డీఎన్‌ఏ పరీక్షల తర్వాత పారల పెద్ద వంశంలో ఎవరెవరు తేలారో తెలుసా? ముక్కే కత్తిగా పెరిగిన కత్తిచేప. నీళ్లు ఉమ్మి పురుగును పడగొట్టే విలుకాడు చేప. రస్సెల్ ‘జెల్లో’ అని రాసుకున్న, కోరపళ్ల బర్రాకుడా. ఆఖరికి ఒకే పక్కన రెండు కళ్లుండే నాలుకచేపలు! ఈ పెళ్లి ఫొటో తీయాలంటే కెమెరా సరిపోదు.

ఓడలకు, సొరచేపలకు అతుక్కునే రెమోరా కూడా పారలకు దగ్గర చుట్టమే. దాని నెత్తిమీద ఉండే అతుకుడు పళ్లెం నిజానికి వీపు రెక్క! వీపు రెక్క నెత్తికి ఎలా ఎక్కిందన్నది పెద్ద చిక్కుముడి. స్విట్జర్లాండ్‌లో దొరికిన సుమారు మూడు కోట్ల ఏళ్ల నాటి శిలాజాన్ని 2013లో మళ్లీ పరిశీలిస్తే, అందులో ఆ పళ్లెం ఇంకా మెడ వెనకే ఉంది. నెత్తికెక్కడానికి టైం పట్టింది పాపం!

ఈ రెమోరా ఓ యుద్ధంలో ఒక పక్షాన్నే ఓడించిందని రోమన్లు నమ్మారు, మీకు తెలుసా? క్రీస్తుపూర్వం 31లో ఆక్టియం నౌకాయుద్ధంలో ఆంటొనీ ఓడను ఈ చేపే పట్టి ఆపిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్లియోపాత్రా ప్రియుడు ఓడితే తప్పు చేపదట!

నాలుకచేపల కళ్ల సంగతి డార్విన్‌కే తలనొప్పి తెచ్చింది. పుట్టినప్పుడు చెరో పక్కన ఉండే కళ్లు పెరిగేకొద్దీ ఒకే పక్కకు చేరతాయి. ‘సగం జరిగిన కన్ను ఏం ఉపయోగం? అలాంటి చేప ఉంటే చూపించండి’ అన్నారు పరిణామ సిద్ధాంతం ప్రత్యర్థులు. 2008లో మ్యాట్ ఫ్రైడ్‌మన్ అనే శిలాజ శాస్త్రవేత్త చూపించాడు! ఇటలీ నుంచి వచ్చిన అయిదు కోట్ల ఏళ్ల శిలాజాల్లో ఒక కన్ను సగం దాకా జరిగి ఆగింది. అవి అప్పటికే మ్యూజియం బీరువాల్లో ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. సాక్షి కోర్టు ఆవరణలోనే కూర్చున్నా ఎవరూ పిలవలేదన్నమాట!

ఆ శిలాజాలు దొరికిన చోటు మోంటే బోల్కా. వెరోనా నగరానికి దగ్గర. కొండ మీద చేపలు! అక్కడి ఒక గనికి ‘పెషారా’ అని పేరు, చేపల తొట్టి అని అర్థం. అయిదు కోట్ల ఏళ్ల కిందట అది వెచ్చని సముద్రం. 200కు పైగా చేప జాతులు అక్కడి రాళ్లలో ఎముకలు, రెక్కలతో సహా అచ్చుపడ్డాయి. వాటిలో పారలూ ఉన్నాయి. ఇటలీవాళ్లకు కొండమీద కూడా చేపల అంగడే!

నెపోలియన్ చేపలు దోచుకున్నాడని మీకు తెలుసా? 1797లో వెరోనాకు చెందిన గజోలా అనే ప్రభువు సేకరించిన దాదాపు 600 బోల్కా శిలాజాలను పట్టుకుని పారిస్‌కు పంపేశారు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. బంగారం, చిత్రాలు దోచిన రాజులున్నారు. ఎండుచేపలు దోచినవాడు ఈయనొక్కడే, అదీ అయిదు కోట్ల ఏళ్లు ఎండినవి!

ఇంతకీ పారల వయసెంత? ఇప్పటిదాకా దొరికినవాటిలో బాగా పాతవి తుర్క్‌మెనిస్తాన్ రాళ్లలో ఉన్నాయి. సుమారు 5 కోట్ల 60 లక్షల ఏళ్లు. డైనోసార్లు పోయింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. అంటే శిలాజాల లెక్కన ఏ డైనోసారూ పార రుచి చూడలేదు. పాపం, అంత పెద్ద నోరుండి ఏం లాభం!

ఈ వంశంలో నాకు అన్నిటికంటే నచ్చిన చుట్టం మూన్‌ఫిష్, చంద్రచేప. ఒళ్లు అప్పడమంత పలచన, పొట్ట కింద అంచు మాత్రం కత్తి వాదర. తమిళ జాలర్లు దాన్ని మంగలికత్తి అనే అంటారు. అడుగు పొడవుకు మించదు. విశేషం ఏమిటో తెలుసా? దాని కుటుంబంలో ఈ రోజు బతికున్నది ఒకే ఒక్క జాతి! ఇంటికి ఒక్కడే వారసుడు, ఆస్తి మాత్రం తూర్పు ఆఫ్రికా నుంచి జపాన్ దాకా.

మరి పోయినవాళ్లు? అరడజనుకు పైనే! ట్యునీషియా ఫాస్ఫేట్ గనుల్లో ఒకటి, తుర్క్‌మెనిస్తాన్‌లో ఒకటి, బోల్కాలో రెండు. 2005లో దక్షిణ అమెరికాలోని పెరూ నుంచి ఇంకొకటి తేలింది. ఒకప్పుడు లోకమంతా తిరిగిన ఇల్లిది. కుటుంబ గ్రూప్ ఫొటోలో ఇప్పుడు మిగిలింది కత్తి ఒక్కటే.

రాజస్థాన్ ఎడారిలోనూ చంద్రచేప ఉంది, మీకు తెలుసా? బాడ్మేర్ దగ్గర కపుర్ది మట్టిపొరల్లో దొరికిన శిలాజానికి మేనె కపుర్దియెన్సిస్ అని పేరు. తాగడానికి నీళ్లు వెతుక్కునే చోట సముద్రపు చేప! ఒంటెను అడిగితే నమ్మదు.

ఇది వినండి. చంద్రచేపల్లో చచ్చినదానికి ముందు పేరు పెట్టారు, బతికినదానికి తర్వాత! బోల్కా శిలాజానికి 1796లో వోల్టా అనే ఇటాలియన్ పేరు పెట్టాడు. బతికున్న చేపకు పేరొచ్చింది 1801లో. బారసాల కంటే ముందు తద్దినం!

ఆ బతికున్న చేప ఎక్కడిదో తెలుసా? మన పొరుగునే, తమిళనాడు తీరంలోని తరంగంబాడిది. నల్ల చందువకు పేరు పెట్టిన బ్లాక్‌కే ఆ నమూనా చేరింది. పుస్తకం పూర్తికాకముందే 1799లో ఆయన పోయాడు. ష్నైడర్ అనే మరో పండితుడు పూర్తిచేశాడు. కోరమాండల్ చేపకు బెర్లిన్‌లో నామకరణం, అదీ పెట్టినాయన పోయాక!

ఎముకలు, డీఎన్‌ఏ కలిపి చూసిన 2020 నాటి అధ్యయనం ప్రకారం ఈ చంద్రచేపకు అతి దగ్గరి బంధువు ఎవరో ఊహించండి. రెండు నిలువులు దాటి పెరిగే కత్తిచేపల వర్గం! అరచేతిలో పట్టేదీ, పడవను పొడిచేదీ వరసకు అన్నదమ్ములు. ముఖం చూసి సంబంధం కలుపుకునేవాళ్లకు చేపల లోకంలో పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగం రాదు.

ఇక మన కొండల వైపు చూద్దాం. తిరుమల శిలాతోరణం రాయి ఒకప్పుడు నీటి ఒడ్డున పేరుకున్న ఇసుక, మీకు తెలుసా? వయసు 150 కోట్ల ఏళ్లని అంచనా. ఘాట్ రోడ్డు పక్కన కనిపించే ఈ రాతిపొరకు భూగర్భ శాస్త్రవేత్తలు మన నగరి ఊరి పేరే పెట్టారు: నగరి క్వార్ట్‌జైట్. సినిమా టికెట్ల క్యూలో కూడా పక్కవాడికి చెప్పదగ్గ సంగతి!

అయితే అందులో చేప శిలాజం దొరుకుతుందా? ఎంత తవ్వినా దొరకదు. లోకంలో తొలి చేపలు తేలిందే దాదాపు 52 కోట్ల ఏళ్ల కిందట, చైనా రాళ్లలో. ఏడుకొండల రాయి చేప అనే ప్రాణి పుట్టకముందే ముసలిదైపోయింది. కొండల మీద మాంసాహారం లేకపోవడం అప్పటి నుంచే ఉన్న ఆచారమన్నమాట!

సత్యవేడు పేరు మీద కూడా రాతిపొరలున్నాయి, తెలుసా? డైనోసార్ల కాలం నాటివి, మొక్కల శిలాజాలకు పేరు పొందినవి. అవి పేరుకునే నాటికీ పారల జాడ లేదు. మన జిల్లాలో ఎటు చూసినా పారల కంటే పెద్దవాళ్లే!

ఆ సత్యవేడుకు దగ్గర్లోనే నాగలాపురం. అక్కడి వేదనారాయణస్వామి ఆలయంలో మూలవిరాట్టు నడుము కింది భాగం మత్స్య రూపం. శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరు మీద వెలసిన ఊరు అది. ఏటా మార్చిలో సూర్యకిరణాలు మొదట పాదాలను, తర్వాత నాభిని, ఆ తర్వాత నుదుటిని తాకుతాయి. ఎన్ని చేపలకు పేర్లు పెట్టినా, ఈ మత్స్యాన్ని ఏ కుటుంబంలో చేర్చాలో అడిగే సాహసం ఇంతవరకూ ఏ పండితుడూ చేయలేదు.

మరి తెలుగువాళ్ల దగ్గరలో చేప శిలాజాలే లేవా? ఎందుకు లేవు! ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి పేరుతో పిలిచే జురాసిక్ పొరలు తెలంగాణలోకీ సాగుతాయి. అక్కడి లెపిడోటిస్ దక్కనెన్సిస్ చేపకు 1851లోనే పేరొచ్చింది. 1974లో అదే పొరల నుంచి ఇండోసీలకాంథస్ వెలుగు చూసింది. దాని వర్గం డైనోసార్లతోనే అంతరించిందని అందరూ తద్దినాలు పెట్టేశాక, 1938లో దక్షిణాఫ్రికాలో ఒకటి వలలో పడి తోకాడించింది!

శిలాజం అంటే మొత్తం చేప దొరకాలా? అక్కర్లేదు. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది, మీకు తెలుసా? దాని ఆకారాన్ని బట్టి ఏ కుటుంబమో చెప్పేస్తారు. చేప బతికున్నప్పుడు అందులో రోజుకో సన్నని వలయం చేరుతుందని 1971లో కనిపెట్టారు. కోట్ల ఏళ్ల కిందటి చేప ఎన్ని రోజులు బతికిందో లెక్క తీయొచ్చు. మనమేమో ఆధార్ కార్డులో పుట్టినరోజే సరిచేయించుకోలేకపోతున్నాం!

చివరగా ఒక లాభసాటి కబురు. వెండి రంగులో మెరిసే సిల్వర్ పాంపనో కూడా పారే. 2011లో మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు దానితో గుడ్లు పెట్టించి పిల్లలు తీశారు. తర్వాత గోదావరి జిల్లాల్లోని అంతర్వేదిలో చెరువులో పెంచి చూపించారు. సముద్రపు దొర చెరువులోనూ బతికాడు!

ఇక మీకో పని. ఈసారి చేపల అంగడికి వెళ్తే నల్ల చందువనూ తెల్ల చందువనూ పక్కపక్కన పెట్టించి, తోక మొదట్లో వేలితో నిమిరి చూడండి. నల్లదానికి చిన్న చిన్న ముళ్ల పలకలు తగులుతాయి, తెల్లదానికి తగలవు. ‘అన్నా, ఇది చందువ కాదు, పార’ అని చెప్పి చూడండి. ధర తగ్గిస్తాడన్న హామీ మాత్రం మాది కాదు!